కార్జపు జలగల్లో మన పశువుకు పట్టింది ఏది? పేరు తేల్చేది జన్యు పరీక్షే

కార్జపు జలగ మీద పెట్టిన వీడియో కింద వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ శాతం ఒకటే: "ఏ మందు తాగించాలన్నా?" ఒకాయన మాత్రం వేరేగా అడిగారు. ఆయన దగ్గర పెళ్లి బరాత్‌లకు ఇచ్చే రెండు గుర్రాలున్నాయి. వాటి మేత చెరువు కిందే. "గొర్రెలకు వచ్చే జలగే గుర్రానికీ వస్తుందా, దానిది వేరేదా?" అని అడిగారు. నన్నడిగితే మందు కంటే ముందు తెలుసుకోవాల్సింది ఇదే. ఏ జలగో తెలిస్తేనే అది ఏ నత్తలో పెరుగుతుందో, ఏ నీళ్లలో ఉంటుందో, ఏ నెలలో మన పశువు నోట్లోకి వస్తుందో తెలుస్తుంది. వీడియోలో రెండు నిమిషాల్లో చెప్పి వదిలేసిన సంగతిని ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను.

ఉన్నవి రెండు రకాలు

జలగ అంటాం గానీ ఇది కాలికి పట్టి రక్తం తాగే చెరువు జలగ కాదు. ఆకులా చదునుగా ఉండే పురుగు. పశువు కార్జంలో, పిత్తం పారే గొట్టాల్లో కాపురం పెడుతుంది. పశువుల్లో ముఖ్యంగా కనిపించేవి రెండు రకాలు. ఒకటి ఫాసియోలా హెపాటికా. 1758లో లిన్నేయస్ పెట్టిన పేరు. చల్లటి దేశాలది, యూరప్‌లో గొర్రెల కాపరులకు వందల ఏళ్లుగా తెలిసిన శత్రువు. మన దేశంలో కాశ్మీర్, హిమాచల్ లాంటి కొండ ప్రాంతాల్లో ఉంటుంది. రెండోది ఫాసియోలా జైగాంటికా. 1855లో కాబోల్డ్ అనే ఇంగ్లండ్ శాస్త్రవేత్త ఒక జిరాఫీ కార్జంలో దొరికిన పురుగును చూసి దీన్ని వర్ణించాడు. వేడి ప్రాంతాలది. మన మైదానాల్లో గేదెలకు, ఆవులకు, గొర్రెలకు, మేకలకు పట్టేది ఇదే.

పుస్తకంలో చదివితే తేడా చాలా తేలిక. హెపాటికా 2 నుంచి 3 సెంటీమీటర్లు, భుజాలు వెడల్పుగా ఉంటాయి. జైగాంటికా 7 సెంటీమీటర్లు దాటి కూడా పెరుగుతుంది, సన్నగా పొడుగ్గా ఉంటుంది. డిప్లొమాలో మాకు చెప్పింది కూడా ఇంతే. కబేళాకు వెళ్లి కార్జం కోసి చూస్తే లెక్క మారిపోతుంది. వయసు తక్కువున్న జైగాంటికా, ఎదిగిన హెపాటికా అంతే ఉంటుంది. ఒకే రకం పురుగు గొర్రెలో ఒక సైజుకు, గేదెలో ఇంకో సైజుకు పెరుగుతుంది. పేడలో గుడ్లు చూసి చెప్పడమూ అంతే. హెపాటికా గుడ్డు సుమారు 130 నుంచి 150 మైక్రాన్లు, జైగాంటికాది అంతకంటే పెద్దది అంటారు. కానీ పశువును బట్టి గుడ్డు సైజూ మారుతుంది, మధ్యస్థంగా ఉండే గుడ్లు ఎన్నో వస్తాయి. మైక్రోస్కోప్ దగ్గర కూర్చున్న మనిషి ఎంత అనుభవం ఉన్నవాడైనా "ఇది ఫాసియోలా" అని చెప్పగలడు. ఏ ఫాసియోలా అంటే ఆగిపోతాడు.

జెల్ మీద గీతలు

మా జూనియర్ ఒకతను ఓ వెటర్నరీ కాలేజీలో పీజీ చేస్తున్నాడు. వారం సంత రోజున మా దగ్గర గొర్రెలు కోసేచోట ఆరు పురుగులు ఏరి, స్పిరిట్‌లో వేసుకుని అతని దగ్గరికి వెళ్లాను. వీడియోలో చివర కనిపించే ల్యాబ్ అదే.

పని ఇలా జరుగుతుంది. పురుగు నుంచి చిన్న ముక్క తీసి, కణాలు పగలగొట్టి డీఎన్ఏ బయటికి తీస్తారు. అందులో ఐటీఎస్-1 అనే ఒక ముక్క ఉంటుంది. రెండు జలగల్లోనూ అది దాదాపు ఒకేలా ఉంటుంది, కొన్ని అక్షరాలే తేడా. పీసీఆర్ మిషన్‌లో (కరోనా రోజుల్లో అందరికీ పరిచయమైందే) ఆ ముక్కను లక్షల కాపీలు తీస్తారు. తర్వాత ఆర్ఎస్ఏ-1 అనే ఎంజైమ్ కలుపుతారు. ఇది కత్తెర లాంటిది, తనకు తెలిసిన అక్షరాల వరుస కనబడితేనే అక్కడ కత్తిరిస్తుంది. ముక్కలను జెల్‌లో పోసి కరెంటు పెడితే చిన్నవి దూరం పరిగెత్తుతాయి, పెద్దవి వెనకబడతాయి. గీతలు పడతాయి. హెపాటికా అయితే సుమారు 360, 100, 60 దగ్గర గీతలు. జైగాంటికా అయితే 360, 170, 60. అంటే చూడాల్సింది మధ్య గీత ఒక్కటే, 100 దగ్గర ఉందా, 170 దగ్గర ఉందా అని. నేను తీసుకెళ్లిన ఆరింటికీ 170 దగ్గరే వచ్చింది. ఆరూ జైగాంటికా.

మరి 100, 170 రెండు గీతలూ కనబడితే? అది రెండు రకాలూ కలిసిన సంకరం. ఇది ఊహ కాదు. జపాన్, కొరియా, చైనా, వియత్నాం వైపు ఈ సంకర జలగలు మామూలే. వీటిలో చాలావాటికి వీర్యకణాలు సరిగా తయారు కావు, అయినా జత కట్టకుండానే గుడ్లు పెట్టి సంతానాన్ని పెంచుకుంటాయి. మన దేశంలో కూడా ఇంఫాల్, కోహిమా, గ్యాంగ్‌టక్ ప్రాంతాల పశువుల్లో జైగాంటికాతో పాటు ఇలాంటివి దొరికాయని 2015లో జన్యు పరీక్షలతో చూపించారు. కంటికి అన్నీ ఒకలాంటి ఆకులే. తల్లి వైపు నుంచి మాత్రమే వచ్చే మైటోకాండ్రియా డీఎన్ఏ కూడా చూస్తే, ఆ జలగ తల్లి వంశం ఏదో తెలుస్తుంది. ఒక ప్రాంతపు జలగకు ఇంకో ప్రాంతపు జలగతో చుట్టరికం ఉందంటే, పశువులు చేతులు మారిన దారి అందులో కనిపిస్తుంది. జలగ తనంతట తాను కొండలు దాటి రాదు కదా.

మన మిత్రుల్లో చాలామంది గిర్, సాహివాల్, రాఠీ అని వేరే రాష్ట్రాల నుంచి ఆవుల్ని లారీల్లో తెచ్చుకుంటున్నారు. జబ్బుల టీకాలు, పాల లెక్క, చూడి, అన్నీ అడుగుతారు. కార్జంలో ఏం తెస్తోందో అడిగినవాళ్లు నాకు కనబడలేదు. కొత్త పశువును మందలో కలిపే ముందు విడిగా కట్టేసి, డాక్టర్‌తో పేడ పరీక్ష చేయించి, జలగ మందు తాగించాకే చెరువు వైపు వదలండి.

యూరప్ వీడియోలు చూసి కంచె వేస్తే

పేరుతో మనకేం పని అన్నవాళ్లకు నా జవాబు నత్త. జలగ గుడ్డు పేడతో బయటికి వచ్చి నీళ్లలో పడితే, వేడికి రెండు మూడు వారాల్లో పొదిగి పిల్ల బయటికి వస్తుంది. దానికి ఉన్న టైము ఒక్క రోజే. ఆ లోపు తనకు సరిపడే నత్త దొరక్కపోతే చస్తుంది. దొరికితే, ఒక్క పిల్ల నత్తలో వందలుగా మారి బయటికి వస్తుంది. అవి గడ్డి, వరి మొదళ్లకు నీటి మట్టం దగ్గర అంటుకుని, గట్టి తిత్తి కట్టుకుని పశువు నోటి కోసం ఎదురుచూస్తాయి. కొన్ని నీటి మీదే తేలుతుంటాయి.

హెపాటికాకు సరిపడే నత్త గాల్బా ట్రంకట్యులా. బురద నత్త. పొలంలో చెమ్మ ఉన్న చోట, పశువు గిట్ట దిగిన గుంటలో కూడా బతుకుతుంది. అందుకే ఇంగ్లండ్, ఐర్లండ్ రైతుల వీడియోల్లో "పొలంలో బురద ఉన్న మూలకు కంచె వేయండి" అని చెబుతారు. వాళ్లకు అది సరైన మాట. జైగాంటికా నత్త వేరు. రాడిక్స్ ఆరిక్యులేరియా, పాత పుస్తకాల్లో లిమ్నియా అని ఉంటుంది. ఇది నీళ్లలో ఉండే నత్త. చెరువు అంచు, కాలువ, తూము కింద మడుగు, వరి మడి దీని ఇళ్లు. బురద మూలకు కంచె వేసి, అదే చెరువులో గేదెల్ని దింపితే మనకు ఒరిగేదేమీ లేదు.

నత్తను గుర్తుపట్టడం వీడియోలో దగ్గరగా చూపించాను. మళ్లీ చెబుతున్నా. మొన పైకి పెట్టి పట్టుకుంటే నోరు కుడి వైపు తెరుచుకుంటుంది, చెవి ఆకారంలో వెడల్పుగా ఉంటుంది, పెంకు పల్చగా వెలుతురు కనబడేలా ఉంటుంది, నోటికి మూత ఉండదు. మూత ఉన్న పెద్ద గుల్ల నత్త కార్జపు జలగను మోయదు. చక్కిలంలా ఒకే మట్టంలో చుట్ట చుట్టుకున్న నత్త కూడా దీనికి పనికిరాదు. కాకపోతే అది పొట్ట జలగల్ని, ముక్కులో గురక తెచ్చే రక్త జలగల్ని మోస్తుంది కాబట్టి దాన్నీ మంచిదని వదిలేయొద్దు.

ఇప్పుడు మన క్యాలెండర్ చూడండి. వానాకాలం వరిలో నత్తలు పెరుగుతాయి. కోత అయ్యాక తడి ఆరని మడిలోకి పశువుల్ని తోలుతాం. ఎండలు ముదిరేకొద్దీ చెరువు వెనక్కి తగ్గుతుంది, శిఖంలో పచ్చగడ్డి లేస్తుంది, ఊళ్లో పచ్చగా కనిపించేది అదొక్కటే కాబట్టి మందలన్నీ అక్కడే. మన పశువులకు జలగ పట్టే ప్రధానమైన చోట్లు ఈ రెండూ. జైగాంటికా లోపలికి వెళ్లాక కార్జాన్ని తొలుచుకుంటూ తిరిగి, గొట్టాల్లో కుదురుకుని గుడ్డు పెట్టడానికి మూడు నాలుగు నెలలు పడుతుంది. జనవరిలో మేసిన పశువుకు ఫిబ్రవరిలో పేడ పరీక్ష చేస్తే "ఏమీ లేదు" అనే వస్తుంది. గొర్రెలకైతే ఆ తొలిచే దశలోనే ప్రాణం పోవచ్చు, దవడ కింద నీటి సంచి కూడా కనబడక ముందే. కాపరి పాము కరిచిందనుకుంటాడు.

రకం తేడాతో పశువు తట్టుకునే శక్తి కూడా మారుతుంది. ఇండోనేషియాలో సన్నతోక గొర్రె అనే నాటు జాతి ఉంది. జైగాంటికా పిల్లలు కార్జం చేరేలోపే చాలావాటిని చంపేస్తుంది. అదే గొర్రెకు హెపాటికా పెడితే మామూలు గొర్రెలాగే జబ్బు పడుతుంది. నాటు జాతికి అన్నీ తట్టుకునే శక్తి ఉంటుందని మనం గంపగుత్తగా అనేస్తాం. దేన్ని తట్టుకుంటుందో పేరుతో సహా చెప్పాలి.

గుర్రం సంగతి

బరాత్ గుర్రాల మిత్రుడికి సూటి జవాబు: గుర్రానికంటూ వేరే కార్జపు జలగ లేదు. ఏ ఊళ్లో ఆవుకు, గొర్రెకు ఏది పడుతుందో, అదే మడుగు దగ్గర మేసే గుర్రానికీ అదే పట్టొచ్చు. ఐర్లండ్ గుర్రాల్లో దొరికేది అక్కడి పశువుల్లో ఉండే హెపాటికానే. అక్కడ కబేళాలో 200 గుర్రాల కార్జాలు కోసి చూసి 2017లో లెక్క వేశారు. 9.5 శాతం గుర్రాల్లో జలగ ఉంది. గుర్రం చాలావరకు తట్టుకుంటుంది, మింగిన తిత్తుల్లో కొద్దిగానే పెద్ద జలగలవుతాయి. గుడ్లు కొన్నే రావడంతో పేడలో దొరకవు. అదే పరిశీలనలో రక్తంలో యాంటీబాడీ పరీక్ష కూడా, జలగ ఉన్న గుర్రాల్లో సగాన్ని కూడా పట్టుకోలేకపోయింది. గుర్రానికి పిత్తాశయం ఉండదు, పిత్తం నేరుగా పేగులోకి పారుతుంది. దానివల్ల జలగ పట్టదని కొందరు అంటారు, అది తప్పు. పిత్తనాళాలు ఉంటాయి, జలగకు అవి చాలు.

అందుకే బక్కచిక్కుతూ, పనిలో తొందరగా అలసిపోయే గుర్రం చెరువు కింద మేసేదైతే, పేడ పరీక్ష "లేదు" అన్నంత మాత్రాన డాక్టర్ దగ్గర ఆ మాట ఎత్తకుండా ఉండొద్దు. గాడిద పాల డెయిరీలు పెడుతున్న మిత్రులు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. గాడిద గుర్రం కంటే తేలిగ్గా జలగను మోసి గుడ్లు వదులుతుంది. బొలీవియా ఎత్తైన మైదానాల్లో మనుషులకు కూడా ఈ జబ్బు అంటుకునే చోట, గొర్రెలు, పశువులతో పాటు గాడిదల్నీ, పందుల్నీ లెక్కలో పెట్టింది అందుకే.

పేడ మనది, వరిగడ్డి మనది

రసాయన వ్యవసాయం చేసేవాళ్ల కంటే ఈ విషయం మనకే ఎక్కువ దగ్గర. మన పద్ధతికి ప్రాణం పేడ. జలగ ఉన్న ఆవు పచ్చి పేడను నీళ్లు నిలిచిన వరి మడిలోకి పంపితే, గుడ్డును తీసుకెళ్లి నత్త ఇంటి ముందు దింపినట్టే. 200 లీటర్ల డ్రమ్ములో 10 కిలోల పేడ వేసి 48 గంటలు కలియబెట్టిన జీవామృతం గుడ్లను చంపేస్తుందని నేను నమ్మను. నా దగ్గర లెక్క ఇది: దవడ కింద వాపు, పలుచటి విరేచనాలు, కంటి పొర తెల్లబడటం ఉన్న పశువు పేడ డ్రమ్ములోకి పోదు. దాన్ని కుప్ప వేసి బాగా వేడెక్కనిచ్చి కంపోస్టు చేస్తాను, లేదా ఘనజీవామృతంలో వేసి పూర్తిగా ఆరనిస్తాను. జలగ గుడ్డుకు పడనివి రెండు, ఎండిపోవడం, వేడి.

ఇండోనేషియాలో పశ్చిమ జావా వరి రైతుల మధ్య జైగాంటికా మీద ఏళ్ల తరబడి పని జరిగింది. వాళ్ల వ్యవసాయం మన డెల్టా ఊళ్లలాగే ఉంటుంది: వరి, పశువు, ఇంటి పక్కనే కొట్టం, కొట్టం పేడ మడిలోకి. అక్కడ తేలిన సంగతుల్లో నాకు బాగా నచ్చినవి రెండు. వరి మొక్క మీద తిత్తులు ఎక్కువగా ఉండేది కింది భాగంలో, నీరు తాకిన చోట. పచ్చి వరి మేపాలంటే పైనున్న మూడింట రెండు వంతులు కోసి వేయాలి, లేదా మూడు రోజులు వరసగా ఎండబెట్టాలి. కొట్టం పక్క మడిలో కోత అయిన నెల వరకు మొదళ్లు మేపకూడదు. ఇందులో ఖర్చు ఒక్క పైసా లేదు.

రెండోది బాతులు. బాతు నత్తను తింటుందని అందరికీ తెలుసు. ఇది వేరే సంగతి. బాతు పేగుల్లో ఎకైనోస్టోమా అనే ఇంకో జలగ ఉంటుంది. దాని పిల్లలు కూడా ఇదే జాతి నత్తలో చేరతాయి, చేరితే లోపలున్న కార్జపు జలగ పిల్లల్ని తినేసి తమ కాపురం పెడతాయి. బాతుల పెంటను పశువుల పేడతో కలిపి మడిలోకి పంపిస్తే, నత్త పశువు జలగకు బదులు బాతు జలగను మోస్తుంది. పశువు బతికిపోతుంది. పుచ్చు పట్టే పురుగును ఇంకో పురుగుతో తినిపించడం మనకు కొత్త కాదు, ఇక్కడ జలగను జలగే తింటోంది. అన్ని బాతుల్లోనూ ఆ జలగ ఉండాలని రూలేం లేదు, బయట తిరిగి నత్తలు తినే బాతుల్లోనే ఉంటుంది. కొందరు నత్తల కోసం మైలుతుత్తం చల్లమంటారు. నేను చల్లను. చేపలు చస్తాయి, రాగి మట్టిలో ఉండిపోతుంది.

మందు వద్దనే మిత్రులకు

ప్రకృతి వ్యవసాయం చేస్తున్నాం కాబట్టి కషాయాలతోనే నెట్టుకొస్తాం అని కొందరు కామెంట్ పెట్టారు. పంట మీద పురుగుకు కషాయం కొట్టి ఫలితం రాకపోతే ఒక పంట పోతుంది. కార్జంలో జలగను కషాయంతో వదిలేస్తే పశువు పోతుంది, పోయేలోపు ఊరి చెరువులో రోజూ వేల గుడ్లు వేస్తుంది. నివారణ అంతా మన పద్ధతిలో చేద్దాం. పట్టిన జలగకు మాత్రం మందే.

ఆ మందు కూడా ఏదో ఒక డీవార్మర్ కాదు. మా వైపు ఓ షాపులో జలగకని అడిగితే ఐవర్‌మెక్టిన్ ఇచ్చి పంపిన సందర్భాలున్నాయి. ఐవర్‌మెక్టిన్ గుండ్రటి పురుగుల మీద, పిడుదుల మీద పని చేస్తుంది, కార్జపు జలగ మీద పనిచేయదు. ఆక్సిక్లోజనైడ్ ఎదిగిన జలగను చంపుతుంది, కార్జం తొలిచే పిల్ల జలగను వదిలేస్తుంది, అందుకే డాక్టర్ చెప్పిన వ్యవధికి మళ్లీ తాగించాల్సి వస్తుంది. ట్రైక్లాబెండజోల్ పిల్ల జలగ మీద కూడా పనిచేస్తుంది. కానీ దాన్నే ఏళ్ల తరబడి వాడిన ఆస్ట్రేలియాలో 1995 నాటికే దానికి లొంగని జలగలు కనబడ్డాయి. కాబట్టి ఏడాదికి ఎన్నిసార్లు, ఏ నెలలో అనేది మన చెరువు తగ్గే కాలాన్ని బట్టి డాక్టర్‌తో కూర్చుని నిర్ణయించుకోవాలి. మోతాదు, చూడి పశువుకు ఇవ్వొచ్చా, ఎన్ని రోజులు పాలు అమ్మకూడదు అనేవి అడగండి. మందు తాగించిన పశువు పేడను కూడా అన్ని రోజులు డ్రమ్ముకు దూరంగా ఉంచండి.

పురుగు దొరికితే

మీ ఊళ్లో కోసిన పశువు కార్జంలో జలగలు కనబడితే పారేయకుండా దాచండి. కార్జం ముక్కల్ని మాత్రం కుక్కలకు వేయొద్దు. పురుగుల్ని ఉప్పు కలిపిన నీళ్లలో కడిగి, రక్తం పోయాక చిన్న సీసాలో 70 శాతం లేదా అంతకంటే గాఢమైన స్పిరిట్ పోసి అందులో వేయండి. ఫార్మాలిన్ వద్దు, ఆకారం నిలబడుతుంది గానీ డీఎన్ఏ పాడైపోతుంది. ఒక్కో పశువుకు ఒక్కో సీసా. దగ్గర్లోని వెటర్నరీ కాలేజీ పరాన్నజీవుల విభాగానికి ముందే ఫోన్ చేసి, జన్యు పరీక్షకు తీసుకుంటారో లేదో కనుక్కుని వెళ్లండి. పశువు ఏది, ఎక్కడిది, ఎక్కడ మేసింది, తేదీ, అన్నీ చిన్న చీటీ మీద పెన్సిల్‌తో రాసి సీసా లోపలే వేయండి. పెన్నుతో రాస్తే ఇంకు స్పిరిట్‌లో కరిగిపోతుంది.